చెంబుకు తగిలిన రాయి

కొట్లో పనిచేసే పిల్లలకు చింతపండు అమ్మడం నేర్పడం నా ఉద్యోగం అంటే ఇప్పటికీ నవ్వేవాళ్ళున్నారు. తూకం వేసి పొట్లం కట్టేదానికి నేర్పేదేముందంటారు. నేనూ నవ్వి ఊరుకుంటాను. ఆ పనే నాకు అన్నం పెట్టింది. చింతామణిలో మొదలుపెట్టి, చిక్కబళ్ళాపురంలో చాలా ఏళ్ళు చేసి, చివరికి బాగేపల్లిలో విరమించాను. ఇప్పుడు పొద్దున దీపం పెట్టుకుని, కాసేపు స్వామి ముందు కూర్చుని, ఆ తర్వాత ఏం చేయాలో తోచక ఇది రాస్తున్నాను. కొత్తగా కౌంటర్ ముందు నిలబడబోయే పిల్లలకు పనికొస్తే సంతోషం.

జీతం ఎంత పెరిగింది, ఎవరు ఎప్పుడు మెచ్చుకున్నారు అనేవి ఇందులో ఉండవు. అవి మీకూ జరుగుతాయి, నేను చెప్పాల్సిన పని లేదు.

సబ్బు పెట్టెల మీద చదువు

చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేది. చింతామణిలో మా ఇంటి నుంచి బడి దాకా నడిస్తే ఊపిరి ఆడేది కాదు. అందుకని నన్ను బడికి పంపలేదు. అమ్మ దేవుడి పాటల పుస్తకం ముందు పెట్టుకుని తెలుగు అక్షరాలు దిద్దించింది. నాయన కొట్లో తన పక్కన కూర్చోబెట్టుకుని లెక్కలు చెప్పాడు. కన్నడం మాత్రం నేను సబ్బు పెట్టెల మీద, టీ పొట్లాల మీద చూసి కూడబలుక్కుని నేర్చుకున్నాను. అందుకే నాకు మొదట తెలిసిన కన్నడం మాటలన్నీ బరువులు, ధరలు, నురగ, సువాసన.

బడి లేకపోయిందని ఒకప్పుడు బాధపడ్డాను. ఇప్పుడు లేదు. నాయన పక్కన కూర్చుని కొనడానికి వచ్చినవాళ్ళ మొహాలు చూడడం అలవాటైంది. ఆ అలవాటు ఇచ్చినందుకు నాయనకూ, ఆ ఆయాసానికీ కూడా నేను రుణపడి ఉన్నాను.

పెళ్ళయి కొన్నేళ్ళయ్యాక నారాయణ శెట్టిగారు తమ కొట్టుకు రమ్మని అడిగారు. వాళ్ళది చింతామణి మార్కెట్ పక్కన పెద్ద కిరాణా కొట్టు. కౌంటర్లో అందరూ మగవాళ్ళే. ఆడవాళ్ళు వచ్చి, కావలసింది సరిగ్గా చెప్పలేక, ఇచ్చింది తీసుకుని పోయేవాళ్ళు. "అమ్మా, నువ్వు రొంత నిలబడి చూడు. వాళ్ళు అడగలేనిది ఏందో నువ్వు కనుక్కో," అన్నారు. నా ఉద్యోగమంతా ఆ ఒక్క మాటలో ఉందని అప్పుడు తెలియలేదు.

పువ్వు

మా వైపు చింతపండు వ్యాపారం గురించి తెలియనివాళ్ళకు ఒక మాట. పై రకం కరిపులి. వేళ్ళలాగా పొడుగ్గా, విరగకుండా ఉంటుంది. దాని కింద వచ్చేది పువ్వు. గింజ తీసేటప్పుడు విచ్చుకుని పువ్వు రేకుల్లా పరుచుకుంటుంది కాబట్టి ఆ పేరు. మార్కెట్లో దాన్నే ఫ్లవర్ అంటారు. ఊళ్ళల్లో ఎక్కువ అమ్ముడయ్యేది ఇదే. ఇందులో మళ్ళీ ఎర్ర పువ్వు, నల్ల పువ్వు ఉన్నాయి. ఈ ఏటిదైతే ఎర్రగా, పోయిన ఏటిదైతే నల్లగా ఉంటుంది. అన్నిటికీ కింద, కళ్ళంలో రాలిపోయి, పెంకులూ ఈనెలూ కలిసిన తుక్కు రకం ఒకటి.

కొత్తగా చేరిన పిల్లలు ఖరీదెక్కువైనదే మంచిదనుకుంటారు. వాళ్ళ తప్పు కాదు, ధర చూస్తే ఎవరైనా అట్లాగే అనుకుంటారు. చిక్కబళ్ళాపురంలో శెట్టిగారి రెండో కొట్లో ఒక అబ్బాయి ఉండేవాడు. మాటకారి. ఒక ముసలామె వచ్చి చింతపండు అడిగితే, కళ్ళు చెదిరే ఎర్ర పువ్వు చూపించి, ఇంతకంటే మంచిది జిల్లాలో దొరకదని చెప్పి కట్టిచ్చాడు. సాయంత్రం ఆమె ఆ పొట్లం తెచ్చి వాడి ముందు పెట్టింది.

"బాలింతకు కొత్త చింతపండు పెడతారా అప్పా? మీ ఇంట్లో ఆడోళ్ళు ఎవరూ కనలేదా?"

"నువ్వు బాలింతకని చెప్పలేదు కదవ్వా."

"నువ్వు అడిగితివా?"

వాడు నా వైపు చూశాడు. నేను నల్ల పువ్వు కట్టి ఇచ్చాను. ధర తక్కువ, ఆమెకు కావలసింది అదే. ఆ తర్వాత మా కొట్లలో ఎవరు చేరినా మొదట నేర్పింది ఇదే: ఏ రకం కావాలని అడగొద్దు, ఏం వండుతారని అడగండి. చారుకా, పులిహోరకా, ఊరగాయకా, ఊరిబిండి పచ్చడికా. వంట తెలిస్తే రకం దానంతట అదే తెలుస్తుంది.

ఒకసారి బెంగుళూరు నుంచి ఒక కంపెనీ ట్రైనర్ వచ్చి మా వాళ్ళందరికీ క్లాసు చెప్పాడు. మొదట అన్నిటికంటే ఖరీదైనది చూపించాలి, అప్పుడు రెండోది చవకగా కనిపిస్తుంది అన్నాడు. అది అబద్ధం కాదు, నేనే చూశాను, పనిచేస్తుంది. కానీ ఒక్కసారి వచ్చి పోయేవాళ్ళ దగ్గర పనిచేస్తుంది. మన ఊళ్ళో మనిషి ఇంటికి పోయి, వండి, తిని, మళ్ళీ మన ముందుకే రావాలి. ఆయన క్లాసులో ఆ మళ్ళీ రావడం గురించి ఏమీ లేదు.

తుక్కుకు పెట్టిన పేరు

నేను చేరిన కొత్తలో శెట్టిగారి కొట్లో చింతపండు బస్తాల మీద మొదటి రకం, రెండో రకం, మూడో రకం అని రాసిన అట్టలు ఉండేవి. మూడో రకం కదిలేదే కాదు. అవసరం లేక కాదు. పక్కింటామె పక్కనే నిలబడి ఉండగా "నాకు మూడో రకం ఇవ్వండి" అని ఏ ఆడమనిషి అంటుంది? రెండో రకమే అడిగి, గుప్పెడంత తీసుకుని పోయేది. వారం రావలసింది మూడు రోజులకు అయిపోయేది.

ఈ మాటే శెట్టిగారికి చెప్పాను. ఆయన విని, కాసేపు గడ్డం గోక్కుని, "సరుక్కి అడగడానికి సిగ్గయ్యే పేరు పెడితే సరుకూ పోదు, మనిషీ రాదు," అన్నారు. మర్నాడు ఆ మూడో అట్ట తీసేసి, తోముడు పండు అని రాయించారు. ఇత్తడి సామాన్లు, దేవుడి దీపాలు తోముకోవడానికి అని.

ఆ రోజు నుంచి అది కదిలింది. "చెంబుకు ఒక కిలో ఇవ్వండమ్మా", "దీపాలు నల్లబడినాయి, తోముడు పండు కట్టండి." తల ఎత్తుకుని అడిగేవాళ్ళు. ఈ ఊళ్ళో ఇంత ఇత్తడి ఎప్పుడొచ్చిందని మాలో ఎవ్వరమూ అడగలేదు.

శెట్టిగారు ఇంకొక మాట కూడా చెప్పారు. "దాన్ని కూడా నోట్లో పెట్టుకునేదాన్ని ఏరినట్టే ఏరండి." అంతే చెప్పి లోపలికి పోయారు. ఎందుకో చెప్పలేదు. మధ్యాహ్నం జనం లేని వేళ మేమంతా పళ్ళేలు ముందు పెట్టుకుని తోముడు పండులో రాళ్ళు, పెంకులు ఏరేవాళ్ళం. నేను నేర్పినవాళ్ళకూ అట్లాగే చెప్పాను: ఏరండి, ఎందుకని అడగొద్దు. అట్లా చెప్పడం సరైనదేనా అని ఇప్పుడు మీరు అడగవచ్చు. ఆ సంగతికే వస్తున్నాను.

మంజుల

శెట్టిగారు కాలం చేశాక వ్యాపారం ఆయన కొడుకు ప్రకాశ్ చేతికి వచ్చింది. మంచివాడు, తొందర మనిషి. బాగేపల్లిలో హైవే పక్కన మూడో కొట్టు తెరిచాడు. "అమ్మా, మీరు రిటైర్ అయ్యేలోపల ఆ కొట్టుకు ఒక మనిషిని తయారుచేసి ఇవ్వండి. తాళాలు ఎవరికియ్యాల అనే దాంట్లో మీ మాటే చివరి మాట," అన్నాడు. ఉగాది వరకు గడువు.

నా దగ్గర చేరినవాళ్ళలో పరగోడు నుంచి వచ్చిన మంజుల ఉంది. వాళ్ళ బోరు ఎండిపోయి, చెనక్కాయ పంట రెండేళ్ళు దెబ్బ తిని, ఊరు వదిలి బాగేపల్లిలో ఒక గది తీసుకున్నారు. భర్త గూడ్స్ ఆటో తోలతాడు. ఒక కూతురు, కొట్టుకు దగ్గర్లోనే బడి. చేరిన మొదటిరోజే నాకు దాపరికం లేకుండా చెప్పింది: "ఈ పని నిలబడితే మేం ఈడే ఉంటామమ్మా. లేకపోతే నేను బెంగుళూరు గార్మెంట్స్‌కు పోవాల, పిల్ల మా అత్త దగ్గర ఉండాల. మా అత్త మంచిదే. కానీ పిల్ల నా దగ్గర ఉంటాదా లేదా అనేది మీ చేతిలో ఉండాది."

అంత నేరుగా చెప్పినందుకు నాకు ఆమె నచ్చింది. అంత బరువు నా మీద పెట్టినందుకు భయమూ వేసింది.

అమ్మడంలో ఆమెకు నేను నేర్పాల్సింది తక్కువ. హైవే మీద పోయే కార్లవాళ్ళ కోసమని ప్రకాశ్ ఇంగ్లీషులో ఒక పెద్ద బోర్డు పెట్టించాడు. ఫ్లవర్, మూడు గ్రేడ్లు, హోల్‌సేల్ ధర అని. ఒక ఆదివారం కారు ఆగి నలుగురు కుర్రవాళ్ళు దిగారు. బోర్డు ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటూ ఒకటే నవ్వు. ఒకడు లోపలికి వచ్చి, గొంతు తగ్గించి, ఫ్లవర్ ఉందా అని కన్నడంలో అడిగాడు.

"ఆంటీ, ఫ్లవర్ ఇద్యా?"

"ఇదె," అంది మంజుల. "చారుకా, పులిహోరకా?"

వాడు వెనక్కి తిరిగి స్నేహితుల వైపు చూశాడు. వెనక ఉన్నవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. మంజుల ఒక రేక తుంచి వాడి చేతిలో పెట్టింది. "నోట్లో ఏసుకో అప్పా. తల తిరగదు, పళ్ళు పులుస్తాయి, అంతే." చివరికి ఆ నలుగురూ తలా ఒక కిలో ఎర్ర పువ్వు కొనుక్కుని పోయారు. బెంగుళూరు పిల్లల్లో ఫ్లవర్ అంటే గంజాయి అని నాకు ఆ తర్వాత ఆమే చెప్పింది. నేను రామరామ అనుకుని ప్రకాశ్‌కు ఫోన్ చేశాను. బోర్డు మార్చేలోపలే ఒక పోలీసాయన కూడా వచ్చి, బస్తాలన్నీ వాసన చూసి, రెండు కిలోలు తీసుకుని నవ్వుకుంటూ పోయాడు. డబ్బు ఇచ్చే పోయాడు, అది కూడా చెప్పాలి.

ఇట్లాంటి మనిషికి తాళాలు ఇవ్వడానికి ఆలోచించేదేముంది అని ప్రకాశ్ అడిగాడు. నాకు ఒక సందేహం ఉండేది. మంజులకు మాట ముందు వస్తుంది, చూపు తర్వాత వస్తుంది. జనం నవ్వితే ఆమెకు ఉత్సాహం ఎక్కువవుతుంది. కౌంటర్లో అది వరమే. ఒక్కోసారి కాదు. నేను రోజూ కొట్టు తలుపు తీసేటప్పుడు, ఈ రోజు నా నోటి నుంచి ఎవరినీ చిన్నబుచ్చే మాట రాకుండా చూడు స్వామీ అని మొక్కుకునేదాన్ని. ఆ భయం ఆమెకు ఇంకా తెలియదనిపించేది.

చెంబుకు పళ్ళుంటాయా

ఉగాదికి ముందు, కొత్త పండు మార్కెట్‌కు వచ్చే రోజుల్లో, కొంత పని ఉండి నేను చిక్కబళ్ళాపురం కొట్లో ఒక వారం ఉండిపోయాను. తిరిగి బాగేపల్లికి వచ్చేసరికి సంత రోజు. తోముడు పండు బస్తా మూతి విప్పి నేరుగా కౌంటర్ పక్కన పెట్టి ఉంది. చెయ్యి పెట్టి చూస్తే గరగరలాడింది.

"ఇది ఏరలేదా మంజులా?"

"లేదమ్మా. ఇద్దరు మనుషులు మధ్యాహ్నమంతా దానికే కూర్చుంటాండారు. ఆ టైములో కరిపులి ప్యాకెట్లు కడితే మేలు కదా అని నేనే ప్రకాశప్పకు చెప్పినా. ఆయనా బాగుండాది అనె." తర్వాత నవ్వింది. "ఇత్తడి తోమేదానికి ఏరేదెందుకమ్మా? చెంబుకు పళ్ళుంటాయా?"

కౌంటర్ ముందున్నవాళ్ళు కూడా నవ్వారు. నేను నోరు తెరిచేలోపల నాగమ్మ వచ్చింది.

నాగమ్మ ఊరి చివర చెనక్కాయల మిల్లులో గింజలు ఏరే పనిచేస్తుంది. ప్రతి సంతకూ వస్తుంది. రాగిపిండి, ఉప్పు, ఎండుమిరపకాయలు, "చెంబుకు" తోముడు పండు. ఎప్పుడూ అవే. ఆ రోజు చెంగు చెంప మీదుగా కప్పుకుని వచ్చింది. కౌంటర్ మీద కాగితం ముక్క విప్పింది. అందులో చిన్న రాయి.

"ఏమ్మా, పోయిన వారం పండులో రాయి ఉండాది."

"యాడ తగిలిందమ్మా?" అంది మంజుల.

"చెంబుకు."

"ఏమైంది చెంబుకు?"

నాగమ్మ కాస్త ఆలోచించి చెప్పింది. "గీత పడింది."

మంజుల రాయి చేతిలోకి తీసుకుని అందరికీ చూపించింది. "రాయి పడితే మంచిదే కదమ్మా, ఇంకా తళతళలాడతాది. దీనికి వేరేగా డబ్బు తీసుకోలేదు చూడు, ఊరికే ఇచ్చినాం."

మళ్ళీ అందరూ నవ్వారు. నాగమ్మ కూడా నవ్వాలని చూసింది. మొహంలో ఒక పక్కే నవ్వింది, రెండో పక్క కదల్లేదు. "పోనీలేమ్మా," అని, ఆ రోజు రాగిపిండి కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది.

ఆమె నిలబడిన చోట ఇంకా వాసన ఉంది. నేను పోల్చుకునేలోపల మంజులే అంది.

"లవంగం."

జనం పల్చబడ్డారు. మంజుల చేతిలో రాయి అట్లాగే ఉంది.

"అమ్మా, ఆమె నోట్లో లవంగం పెట్టుకుని ఉండాది. చెంప వాచి ఉండాది." చేతిలో రాయి చూసుకుంది. "పంటికి కదా లవంగం పెట్టేది."

నేను బస్తా మూతి మడిచి కట్టాను.

"చెంబు..." అని మొదలుపెట్టి ఆపేసింది.

అడగకూడని క్షమాపణ

ఆ మధ్యాహ్నం నేను రెండు పళ్ళేలు తెచ్చాను. ఇద్దరం బస్తా పక్కన కూర్చుని ఏరడం మొదలుపెట్టాం. మంజుల మాట్లాడకపోతే కొట్టంతా ఖాళీ అయినట్టు ఉంటుంది.

"ఎంతమంది ఉంటారమ్మా ఇట్లా, చెంబుకని చెప్పి కొనేవాళ్ళు?"

"తెలీదు. కనుక్కోకూడదు."

"ఎందుకో మీరు ముందే చెప్పింటే నేను ఏరేదాన్ని కదా."

"ఏరేదానివి. కానీ ఎవరైనా తోముడు పండు అడిగినప్పుడల్లా నీ కళ్ళు వాళ్ళ సంచి వైపు పోయేవి. వాళ్ళకు అది తెలిసిపోయేది."

"ఇప్పుడు మాత్రం పోవా?"

చెప్పకుండా నేర్పితే రాయి మిగిలిపోతుంది, చెప్పి నేర్పితే చూపు మారిపోతుంది. అన్నేళ్ళు నేర్పాక కూడా అప్పటికి ఇది నాకు తెగలేదు.

సాయంత్రం ఆమె చేతులు కడుక్కుని, కొంగు సర్దుకుని నిలబడింది. "మిల్లు కాడికి పోయి వస్తానమ్మా. ఆమె కాళ్ళు పట్టుకుంటా."

"పట్టుకుని ఏమంటావు?"

"తప్పైపోయింది అంటా."

"ఏ తప్పు? చెంబుకు రాయి తగిలితే కాళ్ళు పట్టుకుంటారా ఎవరైనా? మిల్లులో నలుగురి ముందు నువ్వు కాళ్ళు పట్టుకుంటే, ఆమె ఇన్నాళ్ళు దాచుకున్నది నువ్వు దండోరా వేసినట్టు కాదా?"

మంజుల కూలబడింది. క్షమాపణ అడిగే దారి కూడా లేని తప్పు చేశానని ఆమెకు అప్పుడు తెలిసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి కానీ ఏడవలేదు. "ఆమె ఇంక రాదు కదా," అంది. "నాకు తాళాలు కూడా రావు. అది సరే. ఆమె యాడ కొనుక్కుంటాదమ్మా? ఇంకెవరి అంగట్లోనూ ఈ పండు ఏరి అమ్మరు."

తన సంగతి ఒక్క మాటలో తోసేసి నాగమ్మ సంగతి అడిగిందని నేను గమనించాను. అయినా ప్రకాశ్ ఆ రాత్రి ఫోన్ చేసి అడిగితే, ఇంకొక వారం ఆగమన్నాను.

గీతలు పడిన చెంబులు

మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి మంజుల కౌంటర్లో ఉంది. తోముడు పండు అడిగినవాళ్ళకే కాదు, కొట్టుకు వచ్చిన ప్రతి మనిషికీ ఒకటే మాట చెబుతోంది. ఉప్పు కొన్నవాళ్ళకూ, అగరువత్తులు కొన్నవాళ్ళకూ.

"పోయిన వారం తోముడు పండు మేం ఏరలేదమ్మా, తప్పు మాదే. రాళ్ళుండాయి. ఎవరి చెంబుకైనా గీత పడింటే తెచ్చి మార్చుకోండి. మీ పక్కన వాళ్ళకు కూడా చెప్పండి."

అందరికీ చెప్పింది కాబట్టి ఎవరికీ చెప్పినట్టు కాలేదు. నాకు తట్టని ఉపాయం అది. లోపలికి పోయి, దేవుడి పటం ముందు ఒక్క నిమిషం నిలబడి, ఆమెకు ఆ మాట అందించినందుకు దండం పెట్టుకున్నాను.

మధ్యాహ్నం నుంచి రావడం మొదలుపెట్టారు. సగం వాడిన పొట్లాలు, చీర కొంగుల్లో ముడి వేసుకున్నవి, డబ్బాల్లో తెచ్చినవి. "మా దీపానికి గీత పడిందమ్మా." "మా చెంబుకు కొంచిం తగిలింది." మంజుల ఎవరి మొహమూ తేరిపార చూడలేదు. తీసుకుని, ఏరిన పండు అంతకు అంత కట్టి ఇచ్చింది. బాగేపల్లిలో ఆ వారం చాలా చెంబులకు గీతలు పడ్డాయి. నాగమ్మ మాత్రం రాలేదు.

కొట్లో పనిచేసేవాళ్ళకు మధ్యాహ్నం వెనక గదిలోనే సంగటి, చారు చేసేవాళ్ళం. చారుకు ఎర్ర పువ్వు వాడేవాళ్ళం. మంజుల ఒకరోజు ఆ డబ్బా తీసేసింది. "రేపటి నుంచి మన చారు తోముడు పండుతోనే పెడదామమ్మా," అంది. నేను ఆమె మొహం చూశాను. ఆమె నా మొహం చూడలేదు. చెప్పాలా చెప్పకూడదా అని నేను అన్నేళ్ళు తేల్చుకోలేని దానికి అది జవాబు. కారణం చెప్పనక్కరలేదు, చూపూ మారదు. తాము తినబోయేదాన్ని ఎవరైనా ఒళ్ళు దగ్గర పెట్టుకునే ఏరుతారు.

ప్రకాశ్ ఆ వారం లెక్కలు చూడడానికి వచ్చి మాతోపాటే తిన్నాడు. చారులో ఒక ఈనె తగిలింది. తీసి కంచం అంచున పెట్టాడు.

"ఇదేం చింతపండమ్మా?"

"తోముడుది అప్పా," అంది మంజుల. "అమ్మేవాళ్ళం తినకపోతే ఎట్లుంటాదో మనకెట్ల తెలుస్తాది?"

"తోమేదానికి రుచేంది?"

మంజుల ఇంకొంచెం చారు పోసింది. ప్రకాశ్ ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు. అంచున పెట్టిన ఈనె వైపు చూశాడు. శెట్టిగారి కొడుకు కదా. తల వంచుకుని ఇంకొక ముద్ద అద్దుకుని తిన్నాడు. పోయేటప్పుడు, ఏరడానికి ఇంకొక మనిషి కావాలంటే పెట్టుకోండి అని మాత్రం చెప్పాడు.

ఇప్పుడు మా మూడు కొట్లలోనూ మధ్యాహ్నం చారు దాంతోనే. కొత్తగా చేరేవాళ్ళకు ఎందుకో ఎవరూ చెప్పరు. మీలో ఎవరైనా అక్కడ చేరితే, తిని ఏరండి.

సంత రోజు

తర్వాతి సంతకు నాగమ్మ వచ్చింది. మిల్లులో ఎవరో చెప్పి ఉంటారు. జనమంతా పోయేదాకా గుమ్మం బయట నిలబడి, అప్పుడు లోపలికి వచ్చింది. చెంగు మామూలుగా భుజం మీదే ఉంది. సగం వాడిన పొట్లం కౌంటర్ మీద పెట్టింది.

మంజుల లేచి నిలబడింది. రెండు చేతులూ కౌంటర్ మీద ఆనించుకుంది. ఆమె నోట్లోకి ఎన్ని మాటలు వచ్చి వెనక్కి పోయాయో నాకు కనిపించింది. చివరికి ఒక్కటే అడిగింది.

"చెంబు ఎట్లుండాదమ్మా?"

నాగమ్మ ఆమెను కాసేపు చూసింది.

"వాపు తగ్గింది," అంది.

ఎవరూ నవ్వలేదు. మంజుల పళ్ళెంలోంచి ఏరిన పండు తీసి కాటా మీద పెట్టింది. పెట్టినదాన్ని వేళ్ళతో ఇంకోసారి చిదిమి చూసి, అప్పుడు పొట్లం కట్టింది. రాగిపిండి, ఉప్పు, మిరపకాయలు అడగకుండానే పక్కన పెట్టింది.

"ఇంకా నాలుగు రోజులు ఉప్పునీళ్ళతో కడగండమ్మా, చెంబును."

"కడుగుతానే ఉండాను లేమ్మా," అని నాగమ్మ డబ్బు ఇచ్చి, సంచి ఎత్తుకుని సంతలోకి దిగిపోయింది.

ప్రకాశ్‌కు మళ్ళీ ఫోన్ చేయలేదు. చివరి మాట నాదే అన్నాడు కదా. నడుముకు ఉన్న తాళాల గుత్తి తీసి మంజుల కాటా పక్కన పెట్టి, నేను పళ్ళెం ముందుకు లాక్కుని ఏరడానికి కూర్చున్నాను.